ప్రోగ్రామ్ నెమ్మదిస్తే ముందు ఆబ్జెక్టులు లెక్కపెట్టండి: వేగం, మెమరీ బాగుచేసే పని మొదటి నుంచి చివరి దాకా

వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలం పాట చూసినవాళ్ళకి అక్కడి తొందర తెలుసు. బోటు నంబరు, చేప రకం, తూకం, ధర, అన్నీ నిమిషాల్లో రాసుకోవాలి. ఈ వ్యాసమంతా అలాంటి తూకాలు నమోదు చేసే బిల్లింగ్ ప్రోగ్రామ్ ఒకదాన్ని ఉదాహరణగా పెట్టుకుని సాగుతుంది. ఎందుకంటే నేను ఈ పాఠం నేర్చుకున్నది అలాంటి ప్రోగ్రామ్ మీదే.

మా చిన్న టీమ్ దాన్ని మే నెలలో పరీక్షించి అప్పగించింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేటకు నిషేధం. అంటే మేం పరీక్షించిన రోజుల్లో లోపలికి వచ్చే తూకాలే లేవు. అన్ని స్క్రీన్లూ టక్కున తెరుచుకున్నాయి. జూన్‌లో నిషేధం ముగిసి, వేటకెళ్ళిన బోట్లు నిండుగా తిరిగి వచ్చాక రిపోర్టు బటన్ నొక్కితే గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. ట్రేల్లో ఐసు కరుగుతోంది, బిల్లు రాదు, కౌంటర్ దగ్గర మనుషులు అరుస్తున్నారు. ఆ ఉదయం పడ్డ టెన్షన్ నాకిప్పటికీ గుర్తుంది.

మా జూనియర్ అడిగిన మొదటి మాట: "అక్కా, సర్వర్‌కి ర్యామ్ పెంచేస్తే సరిపోదా?"

"సరిపోతుందేమో. ఎంత పెంచాలో చెప్పు, పెంచుదాం" అన్నాను. అతని దగ్గర జవాబు లేదు. నిజానికి నా దగ్గరా లేదు. ఇద్దరం ఒక తెల్లకాగితం ముందేసుకుని కూర్చున్నాం. కింద రాసిన పద్ధతంతా ఆ కాగితం నుంచి పుట్టిందే. ఉదాహరణలు ఎక్కువగా జావావి. పైథాన్, సీ ప్లస్ ప్లస్ వాళ్ళకి తేడా వచ్చేచోట విడిగా చెబుతాను.

మొదటి అడుగు: రద్దీ రోజు డేటాతో కొలవండి

కోడ్ తెరవకముందే ఒక అంకె రాసిపెట్టుకోండి. "రిపోర్టు స్లోగా ఉంది" అనేది అంకె కాదు. "10 లక్షల తూకాల మీద నెలవారీ రిపోర్టుకి ఇన్ని సెకన్లు, ఆ సమయంలో హీప్, అంటే ఆబ్జెక్టులు ఉండే మెమరీ, ఇంత" అనేది అంకె. పరీక్షకి వాడే డేటా జూన్ రద్దీలా ఉండాలి, మే నెలలా కాదు. అసలు డేటా దొరక్కపోతే అదే పరిమాణంలో తయారు చేసుకోండి. చేప పేర్లు, బోటు నంబర్లు నిజంగా ఎలా పునరావృతం అవుతాయో అలాగే ఉంచండి, లేకపోతే తరవాత చెప్పబోయే చాలా విషయాలు కనిపించవు.

తరవాత ప్రొఫైలర్, అంటే ప్రోగ్రామ్ సమయం, మెమరీ ఎక్కడ పోతున్నాయో కొలిచే పనిముట్టు, పెట్టండి. జావాలో ఫ్లైట్ రికార్డర్ ఉంది, జావా 11 నుంచి ఉచితంగా వస్తోంది. ఏ మెథడ్‌లో సమయం పోతోందో, ఏ లైను ఎక్కువ ఆబ్జెక్టులు పుట్టిస్తోందో రెండూ చూపిస్తుంది. పైథాన్‌లో సమయానికి సీప్రొఫైల్, మెమరీకి ట్రేస్‌మ్యాలక్ దానితోపాటే వస్తాయి. లినక్స్ మీద సీ ప్లస్ ప్లస్ అయితే పెర్ఫ్‌తో మొదలుపెట్టండి.

జావాలో ఒక మెథడ్‌ని ఒక్కసారి నడిపి గడియారం చూడటం వల్ల ఉపయోగం లేదు. మొదట్లో కోడ్ ఇంటర్‌ప్రెటర్‌లో, అంటే ఒక్కో ఆదేశం చదువుకుంటూ, నడుస్తుంది, చాలాసార్లు పిలిచాకే కంపైలర్ దాన్ని మెషిన్ కోడ్‌గా మారుస్తుంది. చిన్న ముక్కల్ని పోల్చాలంటే జేఎంహెచ్ అనే కొలత పనిముట్టు వాడండి.

ప్రొఫైలర్ చూపించిన శాతాల్ని కాగితం మీద ఎక్కించండి. మొత్తం సమయంలో 10 శాతం తినే మెథడ్‌ని పూర్తిగా తీసేసినా 100 సెకన్ల పని 90 సెకన్లకే వస్తుంది. అదే 70 శాతం తినేదాన్ని సగం చేస్తే 65 సెకన్లకి దిగుతుంది. ఇది 1967లో జీన్ ఆమ్‌డాల్ చూపించిన లెక్కే. ఎక్కడ చెయ్యి పెట్టాలో ఇది తేల్చేస్తుంది.

రెండో అడుగు: ఎక్కువసార్లు జరిగే పని ఏది?

మెమరీ జోలికి వెళ్ళేముందు ఈ రెండూ చూసెయ్యండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని నా అనుభవం.

ఒకటి, లూప్‌లో డేటాబేస్‌ని పిలవడం. 500 బిల్లులు తెచ్చి, ఒక్కో బిల్లు దగ్గర బోటు యజమాని పేరు అడిగితే, ఓఆర్‌ఎమ్ లైబ్రరీ (డేటాబేస్ వరసల్ని ఆబ్జెక్టులుగా మార్చి ఇచ్చేది) మనకి తెలియకుండానే ఒక్కో పేరుకీ విడిగా డేటాబేస్ దగ్గరికి వెళ్తుంది. మొత్తం 501 క్వెరీలు. ఒక్కోటి 2 మిల్లీసెకన్లే అనుకున్నా సెకను పోయింది. కోడ్ చూస్తే ఒక మామూలు గెటర్ పిలుపులాగే ఉంటుంది, అందుకే కంటికి ఆనదు. క్వెరీల లాగ్ ఆన్ చేసి లెక్కపెట్టండి. రెండు పట్టికల్ని కలిపే జాయిన్‌తో ఒకే క్వెరీగా మార్చండి.

రెండు, లిస్టులో వెతకడం. ఒకే తూకం చీటీ రెండుసార్లు ఎక్కకుండా, కొత్తది వచ్చినప్పుడల్లా పాత లిస్టంతా చూస్తున్నారనుకోండి. 20,000 చీటీలకి దాదాపు 20 కోట్ల పోలికలు. అంతా చూడకుండా నేరుగా వెతికే హ్యాష్‌సెట్‌లో వేస్తే 20,000 చూపులు. అయితే ఆ క్లాస్‌కి సమానత్వం, హ్యాష్ కోడ్ రెండు మెథడ్లూ ఒకే ఫీల్డుల మీద సరిగ్గా రాయాలి. ఒకటి రాసి రెండోది మర్చిపోతే నకళ్ళు దొర్లిపోతాయి, ఎర్రర్ కూడా రాదు.

మూడో అడుగు: ఒక్క ఆబ్జెక్టుని కాగితం మీద విప్పండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన అడుగు ఇది, చాలామంది దాటేసేదీ ఇదే. మా తూకం క్లాస్‌లో ఐదు ఫీల్డులు: బోటు నంబరు పూర్ణాంకం, చేప పేరు స్ట్రింగ్, తూకం పెద్ద అక్షరపు డబుల్ అంటే ఆబ్జెక్ట్ రూపంలో ఉన్న డబుల్ (దశాంశ సంఖ్య), ధర కూడా అదే, సమయం లోకల్‌డేట్‌టైమ్. చూడ్డానికి ముచ్చటైన క్లాస్. ఎంత బరువుందో చూద్దాం.

మామూలు 64 బిట్ల జావాలో ప్రతి ఆబ్జెక్టుకీ 12 బైట్ల హెడర్ ఉంటుంది. మరో ఆబ్జెక్టుని చూపించే రిఫరెన్సుకి 4 బైట్లు. మొత్తాన్ని 8 గుణిజానికి సర్దుతారు. ఇక కూడండి.

తూకం ఆబ్జెక్ట్: హెడర్ 12, బోటు నంబరు 4, నాలుగు రిఫరెన్సులు 16. మొత్తం 32.
చేప పేరు, ఉదాహరణకి "వంజరం": స్ట్రింగ్ ఆబ్జెక్ట్ 24, దాని లోపలి బైట్ల వరస 32. మొత్తం 56.
తూకం డబుల్ 24, ధర డబుల్ 24. మొత్తం 48.
సమయం: బయటి ఆబ్జెక్ట్ 24, లోపల తేదీకి 24, గంటలకి 24. మొత్తం 72.

అన్నీ కలిపితే 208 బైట్లు, 8 ఆబ్జెక్టులు. ఒక్క ట్రే తూకానికి! 10 లక్షల తూకాలంటే 20 కోట్ల 80 లక్షల బైట్లు, 80 లక్షల ఆబ్జెక్టులు. ఈ అంకె కాగితం మీద కనిపించాక మా జూనియర్ ర్యామ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు అదే సమాచారాన్ని ఇంకోలా పెడదాం. తూకాన్ని గ్రాముల్లో పూర్ణాంకంగా, ధరని కిలోకి ఇన్ని పైసలని పూర్ణాంకంగా, చేప రకాన్ని ఈనమ్‌గా (ముందే ఖాయం చేసిన పేర్ల జాబితాగా), సమయాన్ని 8 బైట్ల లాంగ్‌గా. హెడర్ 12, బోటు 4, రకానికి రిఫరెన్స్ 4, తూకం 4, ధర 4, సమయం 8. కూడితే 36, సర్దుబాటు తరవాత 40. ఒక్కటే ఆబ్జెక్ట్. 10 లక్షల తూకాలకి 4 కోట్ల బైట్లు. డబ్బుని డబుల్‌లో పెట్టడం ఎలాగూ తప్పే, పైసల లెక్క తేలదు. కాబట్టి ఈ మార్పులో ఒక తప్పు కూడా సరైంది.

ఒక గోతి ఉంది, జాగ్రత్త. 50 కిలోల ట్రే అంటే 50,000 గ్రాములు, కిలో 800 రూపాయలంటే 80,000 పైసలు. రెంటినీ గుణిస్తే 400 కోట్లు. 4 బైట్ల పూర్ణాంకం పట్టగలిగింది 214 కోట్ల పైచిలుకే. అంకె పొంగిపోయి బిల్లు రుణ సంఖ్యగా వస్తుంది. గుణించే ముందే ఒకదాన్ని లాంగ్‌గా మార్చండి, గుణించాక మారిస్తే ఆలస్యమైపోతుంది.

మీ లెక్క సరిపోయిందో లేదో జేఓఎల్ అనే చిన్న పనిముట్టుతో చూసుకోవచ్చు. జావా 25లో హెడర్‌ని 8 బైట్లకి తగ్గించే సదుపాయం వచ్చింది, ఆన్ చేసుకుంటేనే పనిచేస్తుంది. అప్పుడు పై అంకెలు కొంచెం దిగుతాయి.

పైథాన్‌లో ఈ భారం ఇంకా ఎక్కువ. అక్కడ చిన్న పూర్ణాంకం కూడా 28 బైట్ల ఆబ్జెక్టే. లక్షల్లో పుట్టే క్లాసులకి స్లాట్స్, అంటే ఉండబోయే ఫీల్డుల జాబితా, ప్రకటించండి. అప్పుడు ఒక్కో ఆబ్జెక్టుకీ విడిగా డిక్షనరీ ఉండదు. పైథాన్ 3.10 నుంచి డేటాక్లాస్‌కి ఒక్క మాట చేర్చితే చాలు. ఫీల్డు పేరు తప్పు టైప్ చేస్తే వెంటనే ఎర్రర్ రావడం అదనపు లాభం. వట్టి అంకెలే అయితే నంపై అనే లెక్కల లైబ్రరీ వరసలో పెట్టండి.

సీ ప్లస్ ప్లస్‌లో ఫీల్డుల క్రమం మీ బాధ్యత. బూల్, డబుల్, బూల్, పూర్ణాంకం అని రాస్తే మధ్యలో ఖాళీలతో 24 బైట్లు. డబుల్, పూర్ణాంకం, బూల్, బూల్ అని తిప్పి రాస్తే 16. జావా ఈ సర్దుడు తనే చేసుకుంటుంది.

నాలుగో అడుగు: తెలుగు అక్షరాల సంగతి

ఇది మన భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్ళు తెలుసుకుని తీరాల్సిన విషయం, బయట పాఠాల్లో దొరకదు. జావా 9 నుంచి ఇంగ్లిష్ అక్షరాలు మాత్రమే ఉన్న స్ట్రింగ్‌కి అక్షరానికి ఒక్క బైటే పడుతుంది. ఆ స్ట్రింగ్‌లో ఒక్క తెలుగు అక్షరం చేరినా మొత్తం స్ట్రింగ్ అక్షరానికి రెండు బైట్లకి మారుతుంది. పక్కనున్న ఇంగ్లిష్ అక్షరాలతో సహా.

"విశాఖపట్నం" తీసుకోండి. కంటికి ఐదు అక్షరాలు. కంప్యూటర్‌కి గుణింతాలు, పొల్లు, సున్నా విడివిడిగా లెక్క, కాబట్టి పది. జావాలో 20 బైట్లు. యూటీఎఫ్-8లో ఫైలుకి రాస్తే ఒక్కోదానికి మూడు చొప్పున 30. అదే పేరు ఇంగ్లిష్ లిపిలో 13 అక్షరాలు, 13 బైట్లు. పైథాన్ కూడా ఇలాగే చేస్తుంది, కాకపోతే ఎక్కడైనా ఒక ఎమోజీ తగిలితే మొత్తం స్ట్రింగ్ అక్షరానికి నాలుగు బైట్లకి ఎక్కుతుంది.

దీన్ని చూసి తెలుగు తీసేసి ఇంగ్లిష్‌లో పెట్టకండి, దయచేసి. వేలం దగ్గర కూర్చున్న మనిషి చదివేది వంజరం, చందువ, కానాగంత. ఆ పేర్లు అలాగే ఉండాలి. చెయ్యాల్సిందల్లా ఒక్కో పేరునీ ఒక్కసారే మెమరీలో ఉంచడం. చేప రకాలు ముప్పై ఉంటే ముప్పై స్ట్రింగులు చాలు. డేటాబేస్ నుంచి 10 లక్షల వరసలు చదివితే మాత్రం "వంజరం" లక్షల కాపీలుగా పుడుతుంది. పేరు నుంచి రకానికి ఒక పట్టిక పెట్టుకుని, చదివిన ప్రతి పేరునీ అందులోని ఒకే ఆబ్జెక్టుకి మళ్ళించండి. దీన్ని ఫ్లైవెయిట్ పద్ధతి అంటారు. అలా పంచుకునే ఆబ్జెక్ట్ మారకూడదు. ఎవరో ఒకరు పేరు మారిస్తే అందరి బిల్లులూ మారిపోతాయి.

స్ట్రింగులతోనే ఇంకో పాత తప్పు: లూప్‌లో కూడికగుర్తుతో అతికించడం. 50 అక్షరాల లైన్లు 10,000 అతికిస్తే, ప్రతిసారీ అప్పటిదాకా ఉన్నదంతా మళ్ళీ కాపీ అవుతుంది. మొత్తం 250 కోట్ల అక్షరాల కాపీ, చివరికి చేతికొచ్చేది 5 లక్షల అక్షరాలు. స్ట్రింగ్‌బిల్డర్ వాడండి. పైథాన్‌లో లిస్టులో పోగుచేసి చివర్లో జాయిన్ చెయ్యండి.

ఐదో అడుగు: కలిపి వాడేవి పక్కపక్కన ఉంచండి

కూరగాయలు పూర్ణామార్కెట్‌లో, బియ్యం గాజువాకలో, పప్పు మధురవాడలో కొనాల్సి వస్తే పొద్దంతా బస్సుల్లోనే పోతుంది. 8 ముక్కలుగా విడిపోయిన ఆబ్జెక్ట్ చదివేటప్పుడు ప్రాసెసర్ చేసేది అదే. మెయిన్ మెమరీ దాకా వెళ్ళి రావడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, ప్రాసెసర్‌ని అంటిపెట్టుకున్న మొదటి స్థాయి కాష్ మెమరీలో ఉన్నది 1 నానోసెకను చుట్టుపక్కల అందుతుంది.

చాలా ప్రాసెసర్లు మెమరీ నుంచి ఒకసారికి 64 బైట్ల ముక్క తెచ్చుకుంటాయి. నెల మొత్తం తూకం కూడాలనుకుందాం. తూకాలన్నీ ఒకే పూర్ణాంకాల వరసలో ఉంటే ఒక్క ముక్కలో 16 తూకాలు వస్తాయి. మన 40 బైట్ల ఆబ్జెక్టులైతే ఒకటో రెండో. ఆబ్జెక్ట్ రూపపు డబుల్ అయితే తూకం కోసం మళ్ళీ ఇంకోచోటికి ప్రయాణం.

అందుకని అన్ని క్లాసుల్నీ పగలగొట్టి వరసలుగా మార్చమని కాదు. బిల్లు, యజమాని, బోటు లాంటివి ఆబ్జెక్టులుగానే బాగుంటాయి, చదివేవాళ్ళకి అర్థమవుతాయి. లక్షల మీద నడిచే ఆ ఒక్క రిపోర్టు లోపల మాత్రం వరసలు వాడి, బయటికి చక్కని క్లాస్‌గానే కనపడనివ్వండి. ఎన్‌క్యాప్సులేషన్ ఉన్నదే ఇందుకు: లోపలి అమరిక మార్చినా పిలిచే కోడ్‌కి తెలియకూడదు.

లింక్డ్‌లిస్ట్ మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది: జావాలో దాదాపు ఎప్పుడూ వద్దు. ఒక్కో వస్తువుకీ అదనంగా 24 బైట్ల నోడ్, అవీ చెల్లాచెదురుగా. అర్రేలిస్ట్ వాడండి. ఎన్ని వస్తాయో ముందే తెలిస్తే ఆ పరిమాణం చెప్పి సృష్టించండి, పెరిగినప్పుడల్లా కాపీ చేసే పని తప్పుతుంది. సీ ప్లస్ ప్లస్ వెక్టర్‌కి రిజర్వ్ కూడా ఇదే పని.

ఆరో అడుగు: వదలకుండా పట్టుకున్నదెవరు?

పొద్దున బాగా నడిచి సాయంత్రానికి మొరాయించే ప్రోగ్రామ్‌ది వేరే జబ్బు. గార్బేజ్ కలెక్టర్, అంటే వాడకం అయిపోయిన ఆబ్జెక్టుల్ని మెమరీ నుంచి తీసేసే భాగం, ఉన్నంత మాత్రాన లీకులు ఉండవని కాదు. ఎవరో ఒకరు రిఫరెన్స్ పట్టుకుని ఉంటే అది ఆ ఆబ్జెక్టుని తీసెయ్యదు.

ఇలా పట్టుకోండి. ప్రోగ్రామ్ మొదలై వేడెక్కాక ఒక హీప్ డంప్, అంటే ఆ క్షణాన హీప్‌లో ఉన్నవాటన్నిటి నకలు, తీయండి. కొన్ని గంటల పని తరవాత ఇంకోటి. రెంటినీ ఎక్లిప్స్ మ్యాట్ అనే పనిముట్టులో తెరిచి, ఏ క్లాస్ సంఖ్య పెరుగుతూనే ఉందో చూడండి. దాని మీద కుడి క్లిక్ చేసి దాన్ని పట్టుకున్న మూలం (రూట్) దాకా దారి అడగండి. ఆ దారిలో మీరు రాసిన క్లాస్ ఏది కనిపిస్తే దొంగ అక్కడే ఉంటాడు. హీప్ డంప్‌లో కస్టమర్ల ఫోన్ నంబర్లు, పాస్‌వర్డులు కూడా ఉంటాయి, దాన్ని వాట్సాప్‌లో పంపకండి.

మా దగ్గర దొరికింది స్టాటిక్ మ్యాప్, ప్రోగ్రామ్ నడిచినంతసేపూ ఉండే పట్టిక. "మళ్ళీ అడిగితే తొందరగా ఇద్దాం" అని ప్రతి రిపోర్టునీ అందులో వేశాం, తీసే కోడ్ రాయలేదు. ఇలా దాచిపెట్టుకునే కాష్ అంటే హద్దు ఉండాలి. జావాలో లింక్డ్‌హ్యాష్‌మ్యాప్‌తో పది లైన్లలో హద్దు పెట్టొచ్చు, పాతది తనే పోతుంది. ఎక్కువగా కనిపించే మిగతావి: స్క్రీన్ మూసినా తీసెయ్యని లిజనర్లు (ఏదైనా జరిగితే పిలవమని నమోదు చేసుకున్న ఆబ్జెక్టులు), బయటి ఆబ్జెక్టుని రహస్యంగా పట్టుకునే స్టాటిక్ కాని ఇన్నర్ క్లాసులు, థ్రెడ్ పూల్‌లో మిగిలిపోయిన థ్రెడ్‌లోకల్ (ఒక్కో థ్రెడ్‌కీ విడిగా ఉండే) విలువలు.

ఫైళ్ళు, కనెక్షన్లు గార్బేజ్ కలెక్టర్‌కి వదలొద్దు. జావాలో ట్రై విత్ రిసోర్సెస్, పైథాన్‌లో విత్, సీ ప్లస్ ప్లస్‌లో డిస్ట్రక్టర్, ఎవరి దారి వాళ్ళకుంది.

ఏడో అడుగు: వర్చువల్ పిలుపులు, క్లాసుల మెట్లు

ఏ క్లాస్ మెథడ్ నడవాలో ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తేలే పిలుపు వర్చువల్ పిలుపు. ఇంటర్వ్యూల్లో ఎక్కువగా అడుగుతారు, పనిలో తక్కువగా తగులుతుంది. ఒక పిలుపు దగ్గర ఒకటో రెండో రకాల క్లాసులే వస్తుంటే జావా కంపైలర్ ఆ మెథడ్ కోడ్‌ని పిలిచిన చోటే పరిచేస్తుంది, ఖర్చు దాదాపు ఉండదు. మూడు లేదా అంతకంటే ఎక్కువ రకాలు కలిసి వస్తే మాత్రం సాధారణంగా పట్టిక చూసి వెళ్ళాలి. సీ ప్లస్ ప్లస్‌లో వర్చువల్ మెథడ్ ఉంటే ఒక్కో ఆబ్జెక్టుకీ 8 బైట్ల పాయింటర్ అదనం. ప్రొఫైలర్ అదే చోటుని వేలెత్తి చూపితే తప్ప దీనికోసం డిజైన్ చెడగొట్టకండి.

ఎనిమిదో అడుగు: గార్బేజ్ కలెక్టర్ సెట్టింగులు

చివరికి పెట్టడానికి కారణం ఉంది. ఆబ్జెక్టులు 80 లక్షల నుంచి 10 లక్షలకి దిగాక కలెక్టర్ పని కోసం ప్రోగ్రామ్ ఆగే సమయాలు వాటంతటవే తగ్గుతాయి. జావా 9 నుంచి సర్వర్ల మీద జీ1 అనే కలెక్టర్ డిఫాల్ట్, చాలామందికి అదే చాలు. ముందు జీసీ (గార్బేజ్ కలెక్టర్) లాగ్ ఆన్ చేసి, ఎన్నిసార్లు ఆగింది, ఎంతసేపు ఆగింది చూడండి. ఇలా ఆగిపోవడమే సమస్య అయితే జెడ్‌జీసీ అనే ఇంకో కలెక్టర్ ప్రయత్నించండి. హీప్ 32 జీబీ దాటిస్తే 4 బైట్ల రిఫరెన్సులు 8 అవుతాయి. 31 నుంచి 33కి పెంచితే నిజానికి చోటు తగ్గొచ్చు.

ఆబ్జెక్టులు దాచుకుని మళ్ళీ వాడే పూల్స్ సొంతంగా రాయకండి. కొద్దిసేపు బతికే చిన్న ఆబ్జెక్టుల్ని జావా చాలా చౌకగా పుట్టించి, చౌకగా వదిలించుకుంటుంది. డేటాబేస్ కనెక్షన్లు, థ్రెడ్లు లాంటి ఖరీదైనవాటికే పూల్ పనికొస్తుంది.

తొమ్మిదో అడుగు: మార్పు ఒక్కోటే, కొలత ప్రతిసారీ

రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒకటి మార్చండి, టెస్టులు నడపండి, మొదటి అడుగులో రాసుకున్న అంకెని మళ్ళీ కొలవండి. తేడా రాకపోతే ఆ మార్పు వెనక్కి తీసెయ్యండి. వేగం తేని క్లిష్టమైన కోడ్‌ని ఉంచుకోవడానికి ఏ కారణమూ లేదు.

మా కాగితం ఫొటో తీసి కోడ్‌తో పాటే రిపాజిటరీలో పెట్టాం: 208 బైట్ల కూడిక, దాని కింద 40 బైట్ల కూడిక, పక్కనే 400 కోట్ల గుణకారం ఎర్ర పెన్నుతో. తూకం క్లాస్‌కి ఎవరైనా కొత్త ఫీల్డు చేర్చాలంటే ముందు ఆ కూడికలో దాన్ని చేర్చి, 10 లక్షలతో గుణించి చూపించాలి. కిందటి వారం కొత్తగా చేరిన అమ్మాయి బోటు పేరు స్ట్రింగ్‌గా పెడదామంది, కూడిక వేసుకుంది, బోటు నంబరు నుంచి పేరు తెచ్చే పట్టిక రాసుకొచ్చింది.